మార్కాపురపు పలకయు, కోత లెక్కయు



మార్కాపురము పేరు వినగానే తెలుగువారికి రెండు విషయములు స్ఫురించును. మొదటిది చెన్నకేశవస్వామి దేవళము, రెండవది పలక. బలపము పట్టి ఓనమాలు దిద్దిన మన తరమువారిలో ఈ ప్రాంతపు రాతిని ముట్టనివారు అరుదు. కావున ఈ పూట పలకను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. అయితే నేను చెప్పబూనినది పలక మహిమ కాదు. పలకను కోయునప్పుడు ప్రక్కకు తొలగి నేలపాలగు తునకను గూర్చియే నా ప్రసంగము. ఆ తునకను తగ్గించుటకు ఒక లెక్క కలదు. అది పెద్ద చదువు చదివినవారికే గాక, కూడికయు గుణకారమును వచ్చిన ప్రతివానికిని అందుబాటులో నున్న లెక్క.

ముందు రాతి స్వభావము తెలిసికొందము. నల్లమలకు తూర్పున మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములందు భూమిలో నున్న రాతి వరుసకు భూగర్భశాస్త్రజ్ఞులు మన కంభము పేరే పెట్టిరి. నూరు కోట్ల యేండ్లకు పూర్వము నీటి యడుగున పేరుకొన్న సన్నని బురద, పై బరువు చేతను, భూమి లోపలి ఒత్తిడి చేతను గట్టిపడి యీ రాయి అయినది. ఒత్తిడి చేత దాని కణములన్నియు ఒక్క వాలుగా పరుండినవి. అందుచేతనే నేర్పరి యైనవాడు ఉలి నానించి సుత్తితో మెల్లగా తట్టినచో, అరటిపట్ట విడినట్లు రాయి పొరలు పొరలుగా విడును. పొరను విడదీయుట రాతి గుణము నెరిగిన చేతి పని. విడిన పొరను కొలతకు కోయుట లెక్క నెరిగిన బుద్ధి పని. మొదటి దానిలో మన పనివారు ఎవ్వరికిని తీసిపోరు. రెండవదాని యందు మాత్రము, పని తొందరలో, కంటికి తోచినట్లు కోయుట వాడుకయైనది.

తునక పోయిన నేమి, రాయియే కదా యని కొంద రనవచ్చును. ఆ మాట సరికాదు. గనిలో పై మన్ను తీసిన కూలి, బండ నెత్తిన కూలి, బండి బాడుగ, పొర విడదీసిన కూలి, ఇవన్నియు నిండు బండకు చెల్లించినవే. పారవేసిన తునకయు తన వంతు ఖర్చును మోసికొనియే పోవుచున్నది. ముప్పది అంగుళముల పొడవు గల బండలో ఆరంగుళములు వృథా అయినచో, అయిదవ వంతు పోయినట్లు. మిగిలిన నాలుగు వంతులే మొత్తము ఖర్చును భరింపవలెను గదా! కావున అమ్ముడుపోవు ప్రతి ముక్కకును రాతి ఖరీదు నాలుగవ వంతు పెరుగును. ఆ పెరుగుదలను కొనువాడు భరింపకున్న, పనివాని కూలిలో కోత పడును. రాతి కోత తప్పిన చోట కూలి కోత వచ్చునని దీని భావము.

ఇక ఒక ఉదాహరణము చూతము. ముప్పది అంగుళముల పొడవు గల బండలు మనకు వచ్చినవనుకొందము. వెడల్పు అన్నిటికి నొక్కటే. దానితో మనకు పని లేదు. ఒక వర్తకుడు పండ్రెండంగుళముల ముక్కలు 40యును, తొమ్మిదంగుళముల ముక్కలు 80యును కోరినాడు. వాడుక ప్రకారము ముందుగా పెద్దవి కోయుదురు. ఒక్కొక్క బండకు రెండు పండ్రెండులు వచ్చి ఆరంగుళములు మిగులును. 40 ముక్కలకు 20 బండలు పట్టును. పిదప చిన్నవి. బండకు మూడు తొమ్మిదులు వచ్చి మూడంగుళములు మిగులును. 80 ముక్కలకు 27 బండలు కావలెను. వెరసి 47 బండలు.

అట్లు గాక ప్రతి బండయందును ఒక పండ్రెండును, రెండు తొమ్మిదులును కోసినచో నేమగును? పండ్రెండు, తొమ్మిది, తొమ్మిది కలిసి సరిగా ముప్పది. మిగులు సున్న. 40 బండలతో కోరిన ముక్కలన్నియు సమకూడును. రాయి అదే, రంపమదే, పనివాడతడే. ఏడు బండలు మిగిలినవి. కోతల సంఖ్యయు తగ్గినది. మొదటి పద్ధతిలో 120 కోతలు పడగా, రెండవ దానిలో 80 మాత్రమే. విడివిడిగా కోయుటకును, కలిపి కోయుటకును గల భేద మింత.

ఇచ్చట నొక యాక్షేపణ రావచ్చును. అదృష్టవశమున లెక్క సరిగా కుదిరినది గాని, కుదరనప్పుడేమి చేయవలెను? మంచి ప్రశ్న. ఆ వర్తకుడే పండ్రెండులు 60, తొమ్మిదులు 60 కోరినాడనుకొందము. విడివిడిగా కోసిన 30యు 20యు కలిసి 50 బండలు. కలిపి కోసిన, 30 బండలలో ఒక పండ్రెండును రెండు తొమ్మిదులును తీయవచ్చును, తొమ్మిదులన్నియు తీరినవి. మిగిలిన 30 పండ్రెండులకు బండకు రెండు చొప్పున 15 బండలు. వెరసి 45. ఈ 45 కంటె తక్కువ బండలతో పని జరుగునా? రాతి నిడివిని మాత్రము కట్టి చూచిన 42 బండలు చాలునని తోచును. కాని రాయి జిగురుపెట్టి అతికించు వస్తువు కాదు. మరి 43, 44 బండలతో నెవరైన తెలివిగలవాడు చేయగలడేమో యను సందేహము తీరుట యెట్లు?

దీనికి చక్కని ఉపాయ మొకటి కలదు. అణాల లెక్క మన పెద్దలు మరచి యుండరు. పండ్రెండంగుళముల ముక్కకు ఎనిమిదణాలు, తొమ్మిదంగుళముల ముక్కకు నాలుగణాలు అని ఊరక ఖరీదు కట్టుడు. ఒక్క బండనుండి ఎంత విలువ రాబట్టవచ్చును? రెండు పండ్రెండులు తీసిన పదునారణాలు. ఒక పండ్రెండు, రెండు తొమ్మిదులు తీసినను పదునారణాలే. మూడు తొమ్మిదులు తీసిన పండ్రెండణాలు. ఇంతకు మించిన కోత లేదు. అనగా ఎవ్వ రెట్లు కోసినను బండకు ఒక్క రూపాయి మించి రాదు. ఇక వర్తకుడు కోరిన సరకు విలువ కట్టుడు. 60 పండ్రెండులకు 30 రూపాయలు. 60 తొమ్మిదులకు 15 రూపాయలు. వెరసి 45 రూపాయలు. రూపాయికి మించి యియ్యని బండలతో 45 రూపాయల సరకు తీయవలెనన్న, 45 బండలకు తక్కువ గాకుండ కావలెను గదా! మనము 45తోనే చేసితిమి. కావున ఇంతకంటె మేలైన కోత లోకమున లేదు. ఇక వెదకి తల బ్రద్దలు కొట్టుకొన నక్కరలేదు. మంచి లెక్క యొక్క గుణ మిదియే: దారి చూపుటయే గాక, ఎక్కడ నాగవలెనో కూడ చెప్పును.

మన పూర్వులు ఇట్టి లెక్కలకు దూరస్థులు కారు. సంస్కృతమున గణితము పాఠము చెప్పుకొన్నవారికి భాస్కరాచార్యుని లీలావతి పరిచితమే. 1150 ప్రాంతమున వెలసిన ఆ గ్రంథమున క్రకచ వ్యవహారమను ప్రకరణ మొకటి కలదు. క్రకచమనగా రంపము. మ్రాని మొదటి మందమును కొన మందమును కలిపి సగము చేసి, పొడవుతోను కోతల సంఖ్యతోను హెచ్చించి, కోసిన పనిని కొలుచు విధానము అందు చెప్పబడినది. అంతకు పూర్వమే తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచింపగా, దానిని పావులూరి మల్లన తెనుగు చేసెను. ఆ శాస్త్రమునందే కుట్టకమను ప్రక్రియయు నున్నది. పూర్ణసంఖ్యలతో మాత్రమే తీరవలసిన సమీకరణములను సాధించు పద్ధతి యది. ముప్పదిని పండ్రెండులుగను తొమ్మిదులుగను శేషము లేకుండ పంచవచ్చునా యను మన ప్రశ్న ఆ కుట్టకపు జాతికి చెందినదే. ముక్క సగము కోసి అమ్మ వీలులేదు గనుక పూర్ణసంఖ్యలే మనకు శరణ్యము.

అయితే ఒక్క బండను గాక, వందల బండలను, పదుల కొలతలను ఒక్కసారి చూచి తక్కువ నష్టముతో కోయు శాస్త్రము ఆధునికము. 1939లో రష్యాదేశమున లెనిన్‌గ్రాడు నగరమందు లియొనీద్ కాంటోరొవిచ్ అను యువగణితజ్ఞుడు, ప్లైవుడ్ చెక్క పరిశ్రమవా రడిగిన ప్రశ్నతో మొదలిడి, ఉత్పత్తిని ఏర్పాటు చేయు గణితపద్ధతులను గూర్చి చిన్న పుస్తకము ప్రకటించెను. అందు ముక్కల వృథాను తగ్గించుటయు నొక విషయము. మనము అణాలతో కట్టిన ఊహా ఖరీదుల వంటివే ఆయన పద్ధతికి ప్రాణము. ఆయనకు 1975లో అర్థశాస్త్రమున నోబెలు బహుమానము, కూప్‌మన్స్ అను పండితునితో కలిసి, లభించెను. పిమ్మట 1961లోను 1963లోను అమెరికాలో గిల్మోరు, గొమొరీ అను ఇద్దరు, కాగితపు మిల్లుల వంటి పెద్ద పనులకు పనికివచ్చునట్లు దానిని పెంపు చేసిరి. మన రాజమహేంద్రవరమునందు గల కాగితపు మిల్లు వంటి చోట్ల, వెడల్పైన పెద్ద చుట్టను కొనువారు కోరిన వెడల్పులకు చీల్చవలసి యుండును. కొలతలు హెచ్చిన కొలది కోత విధములు లక్షలకు మించును. అన్నిటిని వ్రాసి చూచుట అసాధ్యము. వా రేమి చేసిరనగా, ముందు కొన్ని కోతలతో ఆరంభించి, ముక్కలకు ఊహా ఖరీదులు కట్టిరి. ఆ ఖరీదులలో ఒక చుట్టనుండి రూపాయికి మించి విలువ తెచ్చు కోత యున్నదా యని వెదకిరి. దొరకిన, దానిని చేర్చుకొని ఖరీదులు తిరిగి కట్టిరి. అట్టిది ఇక దొరకనప్పుడు ఆగిరి. వచ్చిన ఫలితమున భిన్నములున్న, పూర్ణసంఖ్యలకు సవరించుట మాత్రము వేరు పని. నేడు గణనయంత్రములు ఈ పనిని నిమిషములలో చేయుచున్నవి. కాని వాని లోపల జరుగునది మన అణాల లెక్కయే.

ఇంతవరకు పొడవును మాత్రమే చూచితిమి. పలకకు వెడల్పును గలదు గదా! 24 అంగుళముల పొడవు, 17 అంగుళముల వెడల్పు గల బండనుండి 10 అంగుళములకు 7 అంగుళముల పలకలు తీయవలెననుకొందము. అన్నిటిని అడ్డముగ పరచిన నాలుగు వచ్చును. అన్నిటిని నిలువుగ పరచిన మూడే వచ్చును. వాడుకలో నాలుగు తీసి తృప్తి పడుదురు. కాని 17ను పదిగను ఏడుగను విడదీసి చూడుడు. ముందు బండను ఈ చివరనుండి ఆ చివరకు ఒక్క కోత కోసి, పది అంగుళముల వెడల్పుది యొకటి, ఏడంగుళముల వెడల్పుది యొకటి, రెండు పట్టీలు చేయుడు. పది వెడల్పు పట్టీలో నిలువుగ మూడు పలకలు, ఏడు వెడల్పు పట్టీలో అడ్డముగ రెండు పలకలు. వెరసి అయిదు. బండ వైశాల్యము 408 చదరపు అంగుళములు. పలక వైశాల్యము 70. ఆరు పలకలకు 420 కావలెను గనుక ఆరవది యెట్లును రాదు. నాలుగు వచ్చు బండలో అయిదు వచ్చినవి. పలకను త్రిప్పి చూచుటకు పట్టిన క్షణమాత్రపు ఆలోచనకు ఒక పలక లాభము!

అనుభవజ్ఞు లిచ్చట నన్నొక మాట అడుగుదురు: "పంతులుగారూ, రంపపు గాటు సంగతి మరచితిరా?" మరువలేదు. రంపము నడచిన దారిలో కొంత రాయి పొడి యగును. గాటు అంగుళములో ఎనిమిదవ వంతనుకొన్నచో, మూడు ముక్కలకు రెండు కోతలు, పావంగుళము పోవును. కావున పండ్రెండు, తొమ్మిది, తొమ్మిది తీయవలెనన్న బండ ముప్పదింపావు ఉండవలెను. దీనికి సులువైన సూత్రము: ప్రతి ముక్క కొలతకును గాటు మందమును కలుపుడు, బండ పొడవునకు ఒక్కమారు మాత్రము కలుపుడు, పిదప గాటే లేదన్నట్లు లెక్క చేయుడు. సరిపోవును. ఇంతేకాదు, రాతిలో చీలికలు, మరకలు, వంకర అంచులు ఉండును. కనుక ముందు బండను పరీక్షించి, పగులున్న చోట సుద్దతో గీత గీసి, మంచి భాగమును కొలిచిన పిమ్మటనే లెక్కకు దిగవలెను. చెడ్డ రాతిని కొలతలో చేర్చిన లెక్క కాగితము మీద లాభము చూపి, కొట్టులో నష్టము చూపును.

పలకల పని మాకు లేదు, మా కేమి ప్రయోజన మని గిద్దలూరు వైపు రైతు అడుగవచ్చును. ఇల్లు కట్టని వారెవరు? ఇనుప కడ్డీ 12 మీటర్ల పొడవున వచ్చును. వాడుకలో 40 అడుగు లందురు గాని, కొలిచిన 39 అడుగుల 4 అంగుళములు. 14 అడుగుల ముక్కలు 24, 11 అడుగుల ముక్కలు 12 కావలసి వచ్చినవనుకొందము. మేస్త్రి విడివిడిగా కోసిన, 14 అడుగులవి కడ్డీకి రెండు చొప్పున 12 కడ్డీలు, 11 అడుగులవి కడ్డీకి మూడు చొప్పున 4 కడ్డీలు, వెరసి 16. ప్రతి కడ్డీలోను రెండు పదునాలుగులు తీసిన పిదప ఒక పదునొకటి తీసినచో 39 అడుగులు. 4 అంగుళములు మాత్రమే మిగులును. 12 కడ్డీలతో అన్నియు తీరును. నాలుగు కడ్డీలు మిగిలినవి. 12 మిల్లీమీటర్ల లావు కడ్డీ యొక్కొక్కటి సుమారు పది కిలోల ఏడువందల గ్రాములు తూగును గనుక, నలుబది రెండు కిలోలకు పైగా ఇనుము ఆదా. కాని ఒక హెచ్చరిక. లెక్క కుదరలేదని చెప్పిన కొలతకు ఒక్క అంగుళమైనను తగ్గించి కోయరాదు. అది పొదుపు కాదు. ఇంటివారి ప్రాణములతో చెలగాటము.

పొదుపునకును మేర కలదు. క్షణక్షణము కోత విధమును మార్చినచో యంత్రమును సవరించుటకే పొద్దు గడచును. కావున రెండు మూడు మంచి కోతలను ఎన్నుకొని వానినే నడుపుట మేలు. మిగిలిన తునకలను రాశిగా పడవేయక, కొలత వారీగా నిలువబెట్టి పుస్తకమున వ్రాసి యుంచవలెను. మన రెండవ ఉదాహరణమున మిగిలిన 15 ఆరంగుళముల ముక్కలు, రేపు ఆరంగుళములు కోరువాడు వచ్చిన సరకే యగును. వ్రాసియుంచని తునక ఉన్నను లేనట్లే.

కడపట ముఖ్యమైన మాట యొకటి. పలకరాతి పొడిలో సిలికా యుండును. ఆ దుమ్మును ఏండ్ల తరబడి పీల్చినవారి ఊపిరితిత్తులు గట్టిపడి, సిలికోసిస్ అను మందులేని వ్యాధి కలుగును. కోయు చోట నీరు చల్లుచుండుటయు, దుమ్మును పీల్చి తొలగించు ఏర్పాటును తప్పనిసరి. మొదటి ఉదాహరణమున 120 కోతలు 80 అయినవని చెప్పితిని గదా! మూడవ వంతు కోతలు తగ్గిన, ఆ కోతల వలన లేచు దుమ్మును ఆ మేరకు తగ్గును. లెక్క ధనమునే గాక ఊపిరిని కూడ కాపాడును.

ఈ పరిశ్రమ చరిత్రలో ఇంకొక వృథాయు నున్నది. దానిని చెప్పక దాటవేయుట ఉపాధ్యాయ ధర్మము కాదు. పలకమీద అక్షరములు దిద్దవలసిన పసిచేతులు చిరకాలము పలకలను తయారుచేసినవి. 1986లో బాలకార్మిక చట్టము వచ్చినది. 1988లో కేంద్రప్రభుత్వము జాతీయ బాలకార్మిక పథకమును మొదట ఆరంభించిన కొలది స్థలములలో మార్కాపురపు పలకల పరిశ్రమ ఒకటి. రాతి తునక పోయిన మరియొక బండ తెచ్చుకొనవచ్చును. పోయిన బాల్యమునకు మారు బండ లేదు. యజమాని రాతిలో మిగుల్చుకొన్నచో పెద్దవానికి తగిన కూలి యియ్యగలడు. తండ్రికి తగిన కూలి దొరకిన బిడ్డ బడికి పోవును. కోత లెక్కకును బడి గంటకును ఇట్టి సంబంధ మున్నది.

నోటు పుస్తకములు వచ్చి పలక వాడుక తగ్గినది. మార్కాపురపు రాయి నేడు ఇండ్ల నేలలకును గోడలకును పరచు బిళ్లలుగ మారి దూరదేశములకు పోవుచున్నది. కొనువారు మారిరి, కొలతలు మారినవి. లెక్క మాత్రము మారలేదు. పైగా నూరు కోట్ల యేండ్లకు పూర్వము తయారైన రాయి మనము తవ్విన తరువాత తిరిగి మొలవదు.

కావున పెద్దలకు నా విన్నప మిది. మీ ఊరిలో రాయి కోయువా రున్నను, వడ్రంగి యున్నను, దర్జీ యున్నను, ఇల్లు కట్టువా రున్నను, రంపము గాని కత్తెర గాని పట్టకముందు కావలసిన కొలతలన్నియు ఒక్కచోట వ్రాయుమని చెప్పుడు. ఒక్కొక్క కొలతను విడివిడిగా చూడక, ఏది దేనితో జత కూడునో చూడుమనుడు. బడి పిల్లవాని నొకనిని పిలిచి ఆ లెక్కను అతనిచేతనే కట్టింపుడు. వానికి చదువు ప్రయోజనము తెలియును; మీకు సరకు మిగులును. ఆ లెక్క వేయుటకు పలకకంటె తగిన సాధనము మరేమున్నది? తప్పైన తుడిచి మరల వ్రాయవచ్చును. కోసిన రాతిని మాత్రము అతికింపలేము.